ధర్మకర్తయా, యజమానియా?
రాజ్యాంగ సవరణాధికారమునకు గల మేరను గూర్చిన అధ్యయనము

ఏ దేశమునందైనను రాజ్యసంస్థలు ఒకనాడు ఏర్పడి అట్లే నిలిచియుండునవి కావు. కాలము మారును, ప్రజల అవసరములు మారును, పాలకులు మారుదురు. వానితోపాటు చట్టములును మారక తప్పదు. ఐనను అధికారమునకు వచ్చిన ప్రతివారును తమకు తోచినట్లెల్ల మార్చుకొనగలిగినచో, అది సంస్థ యనిపించుకొనదు. ఆనాటి అధికారి ఇచ్ఛ మాత్రమే యగును. కావున ప్రతి దేశమును రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసియున్నది. ఏది మారవచ్చును? ఏది మారరాదు? వీని వెంట మూడవ ప్రశ్నయు వచ్చును. ఆ మేరను నిర్ణయించువారు ఎవరు?

మన దేశమునందు ఈ ప్రశ్నలు సంపూర్ణముగా విచారణకు వచ్చుటకు ఒక మఠము భూములు కారణమయ్యెను. కేరళ రాష్ట్రమున, నేటి కాసరగోడు జిల్లాయందలి ఎడనీరు మఠాధిపతులు శ్రీ కేశవానంద భారతీ స్వామివారు 1970వ సంవత్సరమున సుప్రీం కోర్టునందు వ్యాజ్యము వేసిరి. మూడు సంవత్సరముల పిమ్మట వెలువడిన తీర్పు మఠ భూముల హద్దులను దాటి, పార్లమెంటు అధికారమునకే హద్దు ఏర్పరచెను. మఠములతో అనుబంధము గల కుటుంబములవారికి ఈ చరిత్ర రెండు విధముల ఉపయోగించును. పౌరులుగా తమ హక్కులకు ఆధారమేదియో తెలియును. మఠపాలనయందు తరతరములుగా ఎరిగియున్న ఒక సూత్రము దేశపాలనకును ఎట్లు వర్తించునో తెలియును.

మఠపాలనలోని సూత్రము

మఠాధిపతి మఠము ఆస్తిని నిర్వహించును. భూములను కౌలునకిచ్చును, శిథిలమైన సత్రమును పడగొట్టించి క్రొత్తది కట్టించును, అన్నదానపు ఏర్పాట్లను కాలానుగుణముగా మార్చును. వీనికెల్ల ఆయనకు అధికారము కలదు. కాని మఠము ఆస్తిని సొంత ఆస్తివలె అమ్ముకొనుటకు గాని, ఏ ప్రయోజనము కొరకు మఠము ఏర్పడెనో ఆ ప్రయోజనమునే రద్దుచేయుటకు గాని అధికారము లేదు. మఠమునకు తప్పనిసరియైన అవసరము కలిగిననే తప్ప ఆస్తిని అన్యాక్రాంతము చేయరాదని న్యాయస్థానములు చిరకాలముగా చెప్పుచున్నవి. నిర్వహణాధికారము ఎంత విశాలమైనదైనను అది స్వామ్యము కాదు. ఈ భేదమును మనస్సునందుంచుకొనినచో రాజ్యాంగమును గూర్చిన వివాదము సులభముగా బోధపడును.

మార్పునకు గల మూడు త్రోవలు

1949 నవంబరు 26న ఆమోదింపబడి, 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగమునందు 395 అధికరణములు, 8 షెడ్యూళ్ళు ఉండెను. అది మారవలసివచ్చునని దానిని రచించినవారే యెరుగుదురు. కావున వారు మార్పునకు మూడు త్రోవలు ఏర్పరచిరి.

మొదటిది మిక్కిలి సులభము. పార్లమెంటునందు సామాన్య ఆధిక్యము చాలును. క్రొత్త రాష్ట్రముల ఏర్పాటు ఈ తరగతికి చెందినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఈ మార్గముననే ఏర్పడెను. శాసన మండలుల సంగతియు ఇట్టిదే. ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల నెలకొల్పబడెను. శాసనసభ తీర్మానము, పార్లమెంటు చట్టము ఇందుకు సరిపోయెను.

రెండవ త్రోవ 368వ అధికరణమున కలదు. ప్రతి సభయందును మొత్తము సభ్యులలో సగమునకు మించినవారు అనుకూలురు కావలెను. హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతులవారి ఆమోదమును ఉండవలెను. 

మూడవ త్రోవ కఠినతరము. కేంద్రరాష్ట్రముల మధ్య అధికార విభజన, రాష్ట్రపతి ఎన్నిక, ఉన్నత న్యాయస్థానములు మొదలగు విషయములలో పైదానికి తోడు, రాష్ట్ర శాసనసభలలో కనీసము సగమైనను అంగీకరింపవలెను. వస్తుసేవల పన్నునకు సంబంధించిన 101వ సవరణకు 2016లో ఇట్టి అంగీకారము పొందవలసివచ్చెను.

ఈ త్రోవలలో 2023 వరకు 106 సవరణలు జరిగినవి. మార్చుటకు పద్ధతి ఏదియో రాజ్యాంగము ఇంత స్పష్టముగా చెప్పెను. కాని ఎంతవరకు మార్చవచ్చునో చెప్పలేదు. వివాదమంతయు ఆ మౌనమునుండియే పుట్టినది.

భూమి సమస్య – తొలి సవరణ

స్వాతంత్ర్యము నాటికి దేశమునందు జమీందారీల రద్దు, కౌలుదార్ల రక్షణ తక్షణ కర్తవ్యములుగా నుండెను. రాష్ట్రములు చేసిన భూసంస్కరణ చట్టములను భూస్వాములు న్యాయస్థానములలో ఎదుర్కొనిరి. ఆస్తిహక్కు ఆనాడు ప్రాథమిక హక్కులలో ఒకటి. ఆ ఆటంకమును తొలగించుటకు 1951లో, రాజ్యాంగము అమలునకు వచ్చి ఏడాదిన్నర గడువక పూర్వమే, మొదటి సవరణ జరిగెను. దానివలన తొమ్మిదవ షెడ్యూలు ఏర్పడెను. అందు చేర్చిన చట్టములను ప్రాథమిక హక్కులకు విరుద్ధమను కారణముచే కొట్టివేయరాదని విధించిరి. మొదట అందు 13 చట్టములుండెను. కాలక్రమమున వాని సంఖ్య 284కు పెరిగెను. ఆంధ్రప్రదేశ్ 1973 నాటి భూపరిమితి చట్టమును 1974లో 34వ సవరణ ద్వారా అందు చేరెను.

మొదటి సవరణ చెల్లునని సుప్రీం కోర్టు 1951లోనే చెప్పెను. 1964లో అదే అభిప్రాయమును మరల ప్రకటించెను. కాని రెండవసారి తీర్పునందు న్యాయమూర్తి శ్రీ ముధోల్కర్ ఒక సందేహమును తెలిపిరి. రాజ్యాంగముయొక్క మూల లక్షణమునే మార్చినచో, దానిని సవరణ యనవలెనా, లేక రాజ్యాంగమును తిరిగి వ్రాయుట యనవలెనా? ఆనాడు దీనికి సమాధానము రాలేదు.

గోలక్‌నాథ్ తీర్పు

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున తీర్పు వెలువడెను. పంజాబునకు చెందిన ఆ కుటుంబమునకు 500 ఎకరములకు మించిన భూమి యుండెను. పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు ప్రధాన న్యాయమూర్తి శ్రీ కోకా సుబ్బారావు అధ్యక్షత వహించిరి. రాజమహేంద్రవరమునకు చెందిన శ్రీ సుబ్బారావు 1954లో ఆంధ్ర హైకోర్టునకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆరుగురు, ఐదుగురుగా న్యాయమూర్తులు విభేదించిరి. ప్రాథమిక హక్కులను తగ్గించు సవరణ చేయుటకు పార్లమెంటునకు అధికారము లేదని ఆధిక్యాభిప్రాయము. ఐనను గడచిన సవరణలను త్రోసిపుచ్చినచో దేశమున భూసంస్కరణలన్నియు తారుమారగునని గ్రహించి, ఈ నిర్ణయము ముందునకు మాత్రమే వర్తించునని శ్రీ సుబ్బారావు విధించిరి.

ఈ తీర్పు మేర గీచెను. కాని ఆ మేర మిక్కిలి బిగువైనది. ప్రాథమిక హక్కులలో ఆస్తిహక్కును ఉన్నందున, పేదలకు భూమి పంచు చట్టములకును ముందుముందు అడ్డంకి కలుగునని విమర్శ బయలుదేరెను. 1971 ఎన్నికలలో మూడింట రెండు వంతులకు మించిన బలముతో గెలిచిన శ్రీమతి ఇందిరాగాంధి ప్రభుత్వము 24వ సవరణ ద్వారా, రాజ్యాంగమునందలి ఏ భాగమునైనను పార్లమెంటు సవరింపవచ్చునని వ్రాయించెను. మేర అసలే లేనట్లయ్యెను.

ఎడనీరు మఠ వ్యాజ్యము

1969లో సవరింపబడిన కేరళ భూసంస్కరణ చట్టము వలన ఎడనీరు మఠము తన భూములలో కొంత కోల్పోవలసి వచ్చెను. ముప్పదియేండ్లు నిండని శ్రీ కేశవానంద భారతీ స్వామివారు ఆస్తిహక్కును, మతసంస్థలు తమ వ్యవహారములను తామే నిర్వహించుకొను హక్కును ఆధారముగా చేసికొని వ్యాజ్యము వేసిరి. అది విచారణలో నుండగా 29వ సవరణ ద్వారా కేరళ చట్టములు తొమ్మిదవ షెడ్యూలున చేర్చబడెను. అంతటితో వివాదము మఠ భూములను దాటెను. ఆ సవరణయే చెల్లునా? పార్లమెంటునకు సవరణాధికారము ఎంతవరకు కలదు?

దీనిని తేల్చుటకు పదుముగ్గురు న్యాయమూర్తులు కూర్చుండిరి. సుప్రీం కోర్టు చరిత్రలో అంతకు మించిన ధర్మాసనము లేదు. 1972 అక్టోబరు 31న ఆరంభమైన వాదములు 68 దినములు సాగెను. స్వామివారి పక్షమున శ్రీ నానీ పాల్కీవాలా, కేరళ ప్రభుత్వ పక్షమున శ్రీ హెచ్.యం. సీర్వాయి, కేంద్ర పక్షమున అటార్నీ జనరల్ శ్రీ నిరేన్ డే వాదించిరి.

1973 ఏప్రిల్ 24న తీర్పు వెలువడెను. ప్రధాన న్యాయమూర్తి శ్రీ సిక్రీతోపాటు ఆరుగురు, సవరణాధికారమునకు మేర కలదనిరి. ఆ ఆరుగురిలో హైదరాబాదునకు చెందిన శ్రీ పింగళి జగన్మోహనరెడ్డి ఒకరు. మరి ఆరుగురు అట్టి మేర లేదనిరి. తుల ఇట్లు సమముగా నుండగా, పదుమూడవవారైన శ్రీ హెచ్.ఆర్. ఖన్నా అభిప్రాయము నిర్ణాయకమయ్యెను. పార్లమెంటు ప్రాథమిక హక్కులనుగూడ సవరింపవచ్చును. కాని రాజ్యాంగముయొక్క మౌలిక స్వరూపమును మార్చుటకు వీలులేదు. ఆస్తిహక్కు ఆ మౌలిక స్వరూపమున చేరదు. ఇది వారి నిర్ణయము.

ఇందలి యుక్తిని మఠపాలనా సూత్రముతో పోల్చి చూడవచ్చును. పార్లమెంటునకు సవరణాధికారము రాజ్యాంగమునుండియే వచ్చినది. ఏ అధికారము ఏ పత్రము వలన లభించెనో, ఆ అధికారముతో ఆ పత్రమునే నశింపజేయుట తగదు. గోడలు మార్చవచ్చును, గదులు చేర్చవచ్చును. ఆ కట్టడము మరియొకటి కారాదు. రాజ్యాంగముయొక్క సర్వోన్నతత్వము, ప్రజాస్వామిక గణతంత్ర విధానము, లౌకిక స్వభావము, శాసన కార్యనిర్వాహక న్యాయశాఖల విభజన, సమాఖ్య స్వభావము మౌలిక లక్షణములని శ్రీ సిక్రీ పేర్కొనిరి. పార్లమెంటు ధర్మకర్తయే గాని యజమాని కాదని ఈ తీర్పుయొక్క సారాంశము.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. 29వ సవరణ చెల్లునని ధర్మాసనము నిర్ణయించినందున, స్వామివారు ఏ భూముల కొరకు కోర్టునకు వెళ్ళిరో ఆ భూములకు ఈ తీర్పు రక్షణ నీయలేదు. వ్యాజ్యము వేసినవారికి దక్కనిది దేశమునకు దక్కెను. 2020 సెప్టెంబరు 6న స్వామివారు పరమపదించిననాడు దేశము వారిని స్మరించినది ఆ భూముల వలన గాక, వారి పేరిట నిలిచిన ఆ సూత్రము వలననే.

పరీక్షా కాలము

తీర్పు వెలువడిన మరునాడే శ్రీ సిక్రీ పదవీకాలము ముగిసెను. ప్రభుత్వము ఆనవాయితీని ప్రక్కకు నెట్టి, మేర కలదని తీర్పునిచ్చిన ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని, మేర లేదనిన శ్రీ ఎ.యన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించెను. ఆ మువ్వురును రాజీనామా చేసిరి.

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రధానమంత్రి ఎన్నికను న్యాయస్థానములు విచారింపరాదని ఆగస్టు నెలలో 39వ సవరణ శాసించెను. నవంబరు 7న సుప్రీం కోర్టు ప్రధానమంత్రి ఎన్నిక చెల్లునని చెప్పుచునే, ఆ సవరణలోని ముఖ్యభాగమును కొట్టివేసెను. మౌలిక స్వరూప సూత్రము ఒక సవరణపై ప్రయోగింపబడుట అదియే ప్రథమము. తరువాత 1976లో వచ్చిన 42వ సవరణ లోక్‌సభ కాలమును ఐదు నుండి ఆరు సంవత్సరములకు పొడిగించెను; ఏ సవరణనైనను ఏ కోర్టునందును ప్రశ్నింపరాదని విధించెను.

న్యాయస్థానము ఎల్లవేళల కోటగా నిలిచెనని తలచుట సరికాదు. 1976 ఏప్రిల్ 28న, అత్యవసర పరిస్థితి కాలమున నిర్బంధింపబడినవారు తమ స్వేచ్ఛ కొరకు కోర్టును ఆశ్రయింపజాలరని అదే సుప్రీం కోర్టు నలుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పెను. శ్రీ ఖన్నా ఒక్కరే విభేదించిరి. మరుసటి జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి వారికి దక్కలేదు. వారును రాజీనామా చేసిరి. ఆ తీర్పును సుప్రీం కోర్టు 2017లో స్పష్టముగా త్రోసిపుచ్చెను.

అత్యవసర పరిస్థితికి సమాధానము చెప్పినది 1977 మార్చి ఎన్నికలు. దేశమంతట ఒకే రీతిగా ఓటు పడలేదు. ఉత్తరభారతమున అధికారపక్షము తుడిచిపెట్టుకొనిపోగా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో 41 కాంగ్రెసునకే లభించెను. మిగిలిన ఒక్కటి నంద్యాల. అచట గెలిచినవారు శ్రీ నీలం సంజీవరెడ్డి. కొలది నెలలకే రాష్ట్రపతియైన వారి ఆమోదముతోనే 44వ సవరణ చట్టమయ్యెను. దానివలన లోక్‌సభ కాలము మరల ఐదు సంవత్సరములయ్యెను. జీవించు హక్కును అత్యవసర పరిస్థితిలోనైనను నిలిపివేయరాదని విధింపబడెను. మంత్రివర్గము వ్రాతపూర్వకముగా సలహా యిచ్చిననే తప్ప అత్యవసర పరిస్థితి ప్రకటింపరాదనియు ఏర్పాటయ్యెను. ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితానుండి తొలగి, 300-ఎ అధికరణము క్రింద చట్టబద్ధమైన రక్షణగా మిగిలెను. 42వ సవరణలోని మేరలేని అధికారమును సుప్రీం కోర్టు 1980లో మినర్వా మిల్స్ వ్యాజ్యమున కొట్టివేసెను. మితమైన సవరణాధికారమే రాజ్యాంగముయొక్క ఒక మౌలిక లక్షణమని ఆ తీర్పు చెప్పెను.

తరువాతి కాలము

ఆ సూత్రము క్రమముగా ఇతర విషయములకును వ్యాపించెను. 1989లో కర్ణాటక ముఖ్యమంత్రి శ్రీ ఎస్.ఆర్. బొమ్మై ప్రభుత్వము, సభయందు బలనిరూపణకు అవకాశమీయకయే తొలగింపబడెను. 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ చర్య చెల్లదని చెప్పెను. ప్రభుత్వమునకు బలము కలదో లేదో తేల్చవలసిన స్థలము శాసనసభయే గాని రాజభవనము కాదని నిర్ణయించెను. లౌకికత, సమాఖ్య విధానము మౌలిక స్వరూపమునందలివని పునరుద్ఘాటించెను. ఆ తీర్పునందు ప్రధానమైన అభిప్రాయములలో ఒకటి తెలుగువారైన న్యాయమూర్తి శ్రీ బి.పి. జీవన్‌రెడ్డి వ్రాసినది. అప్పటినుండి రాష్ట్రపతి పాలన విధించుట మునుపటివలె సులభము కాలేదు.

2007 జనవరి 11న మరియొక తీర్పు తొమ్మిదవ షెడ్యూలును స్పృశించెను. 1973 ఏప్రిల్ 24 తరువాత అందు చేర్చిన చట్టములును ఈ పరీక్షకు నిలువవలెనని చెప్పెను. 2015లో న్యాయమూర్తుల నియామకమునకు కమిషన్ ఏర్పరచిన 99వ సవరణ, న్యాయశాఖ స్వాతంత్ర్యమునకు భంగకరమను కారణముచే కొట్టివేయబడెను.

ఆక్షేపణ – సమాధానము

ఈ సూత్రముపై బలమైన ఆక్షేపణలు లేకపోలేదు. మౌలిక స్వరూపమను మాట రాజ్యాంగమున ఎచ్చటను కానరాదు. జర్మనీ 1949 నాటి తన రాజ్యాంగమున, ఏవి ఎన్నటికిని సవరింపరానివో స్పష్టముగా వ్రాసికొనెను. మన దేశమున అట్లు వ్రాయలేదు. ప్రజలు ఎన్నుకొనిన సభ చేసిన దానిని, ప్రజలు ఎన్నుకొనని న్యాయమూర్తులు కొట్టివేయుట ఎట్లు ప్రజాస్వామ్యమగును? న్యాయమూర్తుల నియామకము వంటి తమకు సంబంధించిన విషయమున తామే తీర్పు చెప్పుకొనుట న్యాయమా? ఇవి కొట్టిపారవేయదగిన ప్రశ్నలు కావు. మేర గీచు అధికారము గలవారికిని మేర ఉండవలెను గదా.

దీనికి సమర్థకులు చెప్పు సమాధానమిది. ఒకసారి ఎన్నికైన సభ రాబోవు ఎన్నికలనే రద్దుచేయగలిగినచో, రేపటి ప్రజలకు తీర్పు చెప్పు అవకాశముండదు. నేటి ఆధిక్యము నుండి రేపటి ప్రజలను కాపాడుటయే ఈ మేరకు ప్రయోజనము. కావున దానిని మిక్కిలి అరుదుగా, మిక్కిలి జాగ్రత్తతో ప్రయోగింపవలెను. లెక్కకు 106 సవరణలు జరుగగా, ఈ సూత్రముచే కొట్టుడుపడినవి కొలదిగా మాత్రమే యున్నవి. భూసంస్కరణలు ఆగలేదు, పంచాయతీలకు రాజ్యాంగ స్థానము లభించెను, ఓటరు వయస్సు తగ్గెను. మార్పునకు ద్వారము మూయబడలేదనుటకు ఇది నిదర్శనము. బంగ్లాదేశ్ సుప్రీం కోర్టు సయితము 1989లో ఈ సూత్రమును స్వీకరించెను.

ఈ చరిత్ర వలన తెలియునది యేమనగా, సంస్థలను నిలుపునది వ్రాతపత్రము ఒక్కటియే కాదు. 1973లో ఒక్క న్యాయమూర్తి అభిప్రాయముపై మేర నిలిచెను. 1976లో అదే న్యాయమూర్తి ఒంటరియయ్యెను. 1977లో ఓటర్లు మాట్లాడిరి. 1978లో పార్లమెంటు తన తప్పిదమును తానే సవరించుకొనెను. ఒక సంస్థ తడబడినప్పుడు మరియొక సంస్థ నిలిచెను. మఠమునందు భక్తులు లెక్కలు అడుగుట మానినచో ధర్మకర్త యజమానిగా మారుటకు ఎక్కువ కాలము పట్టదు. దేశమునందును అంతే. అధికారము ఎవరి చేతిలో నున్నను, అది అప్పగింపబడినది మాత్రమేనని గుర్తుచేయు బాధ్యత పౌరులది.

మననము కొరకు ప్రశ్నలు

1. రాజ్యాంగమును మార్చుటకు గల మూడు త్రోవలు ఏవి? తెలంగాణ రాష్ట్రము ఏ త్రోవలో ఏర్పడెను?
2. గోలక్‌నాథ్ తీర్పునకును, కేశవానంద భారతి తీర్పునకును గల ముఖ్యభేదమేమి?
3. మఠాధిపతి అధికారమునకును, పార్లమెంటు సవరణాధికారమునకును గల పోలిక ఎట్టిది? ఆ పోలిక ఎచ్చట సరిపడదు?
4. 44వ సవరణ 42వ సవరణలోని ఏ లోపమును సరిదిద్దెను?
5. న్యాయమూర్తులే మేర నిర్ణయించుట సమంజసమేనా? ఉభయపక్షముల వాదములను కుటుంబమునందు చర్చింపుడు.